ఓర్సెరా అనబడే వర్సార్ రేవుకు నెరీనా ఆంటీతో

ఐర్లండులోని నేవన్ ఊళ్ళో మా పక్కింటి నెరీనా ఆంటీది ఇటలీ అని నేను పదకొండేళ్ళు నమ్మాను. నేనే కాదు, ఊరంతా అలాగే నమ్మింది. ఆవిడా, ఆవిడ భర్తా కలిసి మెయిన్ రోడ్డు మీద నలభై ఏళ్ళు చేపలూ బంగాళదుంపలూ వేయించి అమ్మారు. అలాంటి కొట్టును ఐర్లండులో చిప్పర్ అంటారు. నడిపేవాళ్ళు సాధారణంగా ఇటలీవాళ్ళే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవడం మర్యాదే. కానీ డెబ్భై దాటిన మనిషిని "నెరీనా" అనడానికి నాకు నోరు రాక మొదటిరోజే ఆంటీ అన్నాను. ఆవిడకు అది నచ్చింది. "నన్ను ఆంటీ అన్నది నువ్వొక్కదానివే. నాకు మేనకోడళ్ళు లేరు" అంది.

మొన్న మార్చిలో ఒక ఆదివారం, మా వంటింట్లో టీ తాగుతూ, "నేను పుట్టిన ఊరు చూడాలని ఉంది పద్మా. నాతో వస్తావా?" అని అడిగింది.

"ఇటలీయా ఆంటీ?"

"అప్పుడు ఇటలీ. ఇప్పుడు క్రొయేషియా. మధ్యలో ఇంకో దేశం కూడా ఉండేది. మా ఊరు మాత్రం కదల్లేదు."

ఊరి పేరు ఓర్సెరా అంది. నా ఫోనులో చూస్తే వర్సార్ అని వచ్చింది. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, కొండ మీద పాత ఇళ్ళు, కొండ కింద చేపల రేవు. ఆంటీ భర్త పోయాడు. పిల్లలు లేరు. మోకాళ్ళు సహకరించవు. తోడు కావాలి, అది సరే. కానీ నన్నే ఎందుకు అడిగిందో అర్థంకాక ఆ మాటే అడిగాను.

"నీదీ రేవు ఊరే కదా. ఎక్కడ చూడాలో నీకు తెలుస్తుంది" అంది.

మాది కాకినాడ. మా నాన్న రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో గుమస్తా. చిన్నప్పుడు బడి అయిపోగానే ఐసుగడ్డల మధ్య కూర్చుని పడవల్ని చూసేదాన్ని. ఆ అర్హత సరిపోయిందన్నమాట. మావారు శ్రీనివాస్ కూడా "వెళ్ళిరా, పిల్లల్ని నేను చూసుకుంటాలే" అనడంతో సెప్టెంబరులో బయల్దేరాం.

విమానంలో చెప్పిన మాట

సగం దారిలో, మేఘాల కింద ఏవో కొండలు కనిపిస్తున్నప్పుడు, కిటికీలోంచి చూస్తూ ఆంటీ చెప్పింది. "అక్కడ మా అక్కని వదిలేసి వచ్చాం."

నేను బిస్కట్ తింటున్నాను. సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు, దేశాలు మారిపోతున్నప్పుడు, ఆ తీరంలో ఎన్నో కుటుంబాలు ఇటలీకి వెళ్ళిపోయాయట. ఆంటీకి అప్పుడు ఆరేళ్ళు. అక్క మరియాకు పన్నెండు. నాయనమ్మ ఇల్లు వదలనంది. ముసలావిడకు తోడుగా మరియాను ఉంచి, సర్దుకున్నాక పిలిపించుకుందామని అమ్మానాన్నా చిన్నదాన్ని తీసుకుని పడవెక్కారు. ఇటలీలో శరణార్థుల శిబిరంలో మొదటి చలికాలమే అమ్మ జ్వరంతో పోయింది. నాన్న రాసిన ఉత్తరాలు వెనక్కి వచ్చాయి. "మరియాకు మనం అక్కర్లేదమ్మా" అని నాన్న ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆ పేరు ఎత్తలేదు.

"మరి మీరెప్పుడూ వెతకలేదా?"

"అక్కర్లేదన్న మనిషిని ఎలా వెతుకుతాం? ఇప్పుడు నాకు ఎనభై రెండు. సమాధి అయినా చూస్తే గ్రాండ్."

ఐర్లండులో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, పరవాలేదు అని. కాలు విరిగినా గ్రాండే. నేను విహారయాత్ర అనుకుని ఎండ టోపీ కొనుక్కున్నాను. ఇప్పుడా టోపీని ఏం చేయాలో తోచక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పూలా విమానాశ్రయంలో దిగాక పాస్‌పోర్టు కుర్రాడు మా ఇద్దరి ఐరిష్ పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకదాంట్లో పుట్టిన దేశం ఇండియా, ఇంకోదాంట్లో క్రొయేషియా. "మీ ఇద్దరిలో ఐరిష్ ఎవరు?" అని నవ్వాడు. తర్వాత ఆంటీతో తన భాషలో ఏదో ఆప్యాయంగా అన్నాడు. ఆంటీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. సొంత ఊరి గుమ్మంలోనే మాట అందకపోయేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది.

శనివారం: సముద్రం తప్పు దిక్కున ఉంది

దారిలో బోర్డుల మీద ప్రతి ఊరికీ రెండు పేర్లు ఉన్నాయి, ఒకటి వాళ్ళ భాషలో, ఒకటి ఇటాలియన్‌లో. ఒక ఊరు దాటామా, రెండు ఊళ్ళు దాటామా అని నాకు లెక్క తప్పింది. చివరికి వర్సార్, ఓర్సెరా అని ఒకే బోర్డు మీద చూసి, వచ్చేశాం అన్నాను.

"ఇది కాదు" అంది ఆంటీ.

కారు దిగి రేవు దాకా నడిచాం. తెల్లటి రాయి పరిచిన గట్టు, వరసగా విహార పడవలు, హోటళ్ళ గొడుగులు. ఓ మూల మాత్రం ఓ పది పన్నెండు చేపల పడవలు, పసుపు వలల గుట్టలు. గట్టు దాటితే ఎదురుగా చిన్న ద్వీపం. వెనక కొండ, కొండ మీద గంట గోపురం.

"ఇది కాదు పద్మా. మా గుమ్మంలోకే నీళ్ళొచ్చేవి. ద్వీపం ఇంత దూరం లేదు. ఇంత చిన్నది కాదు."

నాకు ఎటూ పాలుపోలేదు. కాకినాడలో పుట్టినదానికి సముద్రం అంటే తూర్పున ఉండాలి, సూర్యుడు అందులోంచి రావాలి. ఇక్కడ పడమట ఉంది, సూర్యుడు అందులో మునిగిపోతున్నాడు. ఐర్లండు పడమటి తీరాన ఉన్న గాల్వేలోనూ అంతేనంటారు గానీ అక్కడి మబ్బుల్లో నేను సూర్యుణ్ణి ఎప్పుడూ చూడలేదు. దిక్కే తెలియని నేను, ఇదే మీ ఊరని ఆవిడకు ఏం నచ్చచెప్పగలను?

రేవు హోటల్లో కూర్చున్నాం. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీదకు నిప్పుల మీద కాల్చిన కవళ్ళ చేపలు వచ్చాయి. పక్కన నిమ్మచెక్క, పైన ఆలివ్ నూనె. ప్లేటు పన్నెండు యూరోలు. మా రేవులో కవళ్ళంటే వంజరం, చందువా కొనలేనివాళ్ళు తట్టలో పోయించుకుపోయే చేప. దానికి తెల్లగుడ్డ మర్యాద చూసి ఆశ్చర్యపోయాను. కానీ ఆ రోజు శనివారం. నేను నీచు ముట్టను.

"చేప బాగోలేదా?" అని వడ్డించే అతను కంగారుపడ్డాడు.

"బాగుంది. ఈరోజు తినను."

"ఈరోజే ఎందుకు?"

ఆంటీ అందుకుంది. "మా వైపు శుక్రవారం చేపే తినాలి. వాళ్ళ వైపు శనివారం చేప తినకూడదు. ఇద్దరు దేవుళ్ళూ కూడబలుక్కుని చేపకు ఒక్కరోజు సెలవిచ్చారు."

అతను నాకు రొట్టె, టమాటాలు, ఒక గిన్నె నూనె తెచ్చిపెట్టాడు. ఆ రోజంతటిలో నాకు స్పష్టంగా అర్థమైంది ఆ రొట్టె ఒక్కటే.

గది అద్దెకిచ్చినావిడ పేరు యస్నా. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. సాయంత్రం శ్రీనివాస్ ఫోన్ చేసి, "దొరికిందా ఆవిడ ఊరు?" అని అడిగారు.

"నాకు దొరికిందండి. ఆవిడకే దొరకట్లేదు."

వెనక నుంచి మా అమ్మాయి, అమ్మను మ్యామ్ అనే ఐరిష్ యాసలో, అరిచింది. "మ్యామ్, ఈజ్ నెరీనా గ్రాండ్?"

"గ్రాండేనమ్మా" అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియలేదు.

ఆదివారం: చర్చి, సమాధులు

కొండ మీది చర్చిలో ప్రార్థనకు వెళ్ళాం. అంతా క్రొయేషియన్‌లో జరిగింది. ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు, ఆంటీని చూసి చేద్దామనుకున్నాను. ఆంటీ నన్ను చూస్తోంది. ఒకచోట అందరూ ఏదో జవాబు చెప్పేసరికి, ఆంటీ నేవన్ అలవాటులో అదే జవాబు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి.

తర్వాత సమాధుల తోటకు వెళ్ళాం. అక్కడ ప్రతి రాయి మీదా పోయినవాళ్ళ ఫొటో ఉంటుంది. పింగాణీ మీద అచ్చువేసిన కోడిగుడ్డంత బొమ్మ. మనం ఇంట్లో గోడకు తగిలించి దండ వేసే ఫొటో అక్కడ ఎండలో వానలో రాయి మీద ఉంటుంది. ఇంతమంది ముసలివాళ్ళు ఒకేసారి నావైపు చూస్తుంటే, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది.

ఆంటీ పుట్టింటి పేరు ఫాబ్రి. ఆ పేరు కోసం వరస వరసా తిరిగాం. రెండు చోట్ల దొరికింది, రెండూ వేరేవాళ్ళవి. పువ్వులకు నీళ్ళు పోస్తున్న ఒకావిడను ఆంటీ ఇటాలియన్‌లో అడిగింది. ఆవిడ చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"రేవు దగ్గర ఉండే ఫాబ్రీలా? అలాంటివాళ్ళు ఎప్పుడూ లేరే."

ఎప్పుడూ లేరు. ఆ మాట నాకు గుచ్చుకుంది. గేటు బయట అరుగు మీద కూర్చుని ఆంటీ మోకాళ్ళు ఒత్తుకుంటుంటే, చెప్పకూడని ఆలోచన ఒకటి వచ్చింది. ఆరేళ్ళ పిల్ల జ్ఞాపకం ఎంతవరకు నమ్మాలి? వేరే ఊరేదో అయితే? అసలు అక్కే లేకపోతే? ఆంటీ నా ముఖం చదివినట్టుంది.

"నాకు మతి పోయిందనుకుంటున్నావు కదూ."

"లేదాంటీ."

"నేనూ అదే అనుకుంటున్నాను" అంది.

సోమవారం: నాలుగో మెట్టు

పొద్దున్నే రేవుకు వెళ్ళాను. పడవల దగ్గరే చేపలు అమ్ముతున్నారు. నేను వేలంపాట కోసం చెవులు రిక్కించాను. మా రేవులో పాట మొదలైతే పక్కవాడి మాట వినపడదు. ఇక్కడ అందరూ బ్యాంకులో నిలబడ్డట్టు నిలబడ్డారు. కిలో కవళ్ళు ఐదు యూరోలని అట్టముక్క మీద రాసి ఉంది, బేరం లేదు. "నాలుగుకు ఇస్తావా?" అని అలవాటుకొద్దీ అడిగాను. చేపలమ్మే పెద్దాయనకు నా ప్రశ్న అర్థంకాలేదు. అర్థమయ్యాక నవ్వి, అదే ధరకు రెండు చేపలు ఎక్కువ వేశాడు. అతన్నీ అడిగాను. ఫాబ్రీలు ఎవరూ తెలియదన్నాడు.

ఆంటీ అప్పటికి గట్టు చివరిదాకా నడిచి, పాత రాతిగోడ పక్కన నిలబడి ఉంది. గోడ కిందనుంచి మూడు మెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. పాచి పట్టి అరిగిపోయిన మెట్లు.

"మా ఇంటి ముందు మెట్లు ఏడు" అంది. "అమ్మ ఐదో మెట్టు మీద కూర్చుని బట్టలు ఉతికేది. కింద ఎన్ని ఉన్నాయో చూడు పద్మా."

నీళ్ళు తేటగానే ఉన్నాయి గానీ అలల్లో లెక్క తెలియడం లేదు. ప్యాంటు మడిచి దిగాను. కాలితో తడుముతూ మూడు దాటాను. నాలుగో మెట్టు తగిలింది. దాని మీద బరువు వేయగానే పాదంలో వంద సూదులు ఒక్కసారి దిగినట్టయింది. నేను పెట్టిన కేకకు గట్టు మీద కాఫీలు తాగేవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

నల్లటి ముళ్ళబంతి లాంటి సముద్రజీవి అది. రాళ్ళను పట్టుకుని ఉంటుంది. బీచి చెప్పులు లేకుండా అక్కడ నీళ్ళలోకి దిగకూడదని పసిపిల్లలకు కూడా తెలుసట. కాకినాడ రేవు అర్హత అక్కడితో సరి.

ఒంటికాలి మీద గది చేరాను. యస్నా నా పాదానికి ఆలివ్ నూనె పట్టించి, కాసేపు నానబెట్టి, సూదితో ఒక్కో ముల్లూ తీయడం మొదలుపెట్టింది. నేను మూలుగుతున్నాను. ఎదురుగా కూర్చున్న ఆంటీ నవ్వు ఆపుకోలేకపోతోంది. నవ్వుతూనే చెప్పింది.

"నా కాలికి ముల్లు దిగినప్పుడు మా నాన్న అనేవాడు. గ్రాన్సోల పిల్ల ఏడవకూడదు, గ్రాన్సోల పిల్లే ఎదుటివాణ్ణి గిల్లాలి అని."

యస్నా చేతిలో సూది ఆగిపోయింది.

"ఏమన్నారు? గ్రాన్సోనా?"

"గ్రాన్సో. పీత అని అర్థం. మా తాత పీతలా పక్కకు నడిచేవాడట. ఊళ్ళో అందరూ మమ్మల్ని అలాగే పిలిచేవారు."

"మరి ఫాబ్రి ఎవరు?"

"అది మా ఇంటిపేరు."

యస్నా సూది పక్కన పెట్టేసింది. "ఇక్కడ ఇంటిపేర్లతో ఎవరికీ పనిలేదు. సగం ఊరిది ఒకే ఇంటిపేరు. మనుషుల్ని ఇలాంటి పేర్లతోనే గుర్తుపడతాం. ముందే చెప్పొచ్చు కదా."

"ఎగతాళి పేరు పట్టుకుని ఎవరైనా మనుషుల్ని వెతుకుతారా?" అంది ఆంటీ.

నేను నొప్పి మర్చిపోయి విన్నాను. మా రేవులో పీతల అనే ఇంటిపేరువాళ్ళు ఉన్నారు. దాన్ని ఎగతాళి అని ఎవరూ అనుకోరు, పెళ్ళి శుభలేఖల మీద వేయించుకుంటారు.

యస్నా నావైపు, ఆంటీవైపు మార్చి మార్చి చూసి నెమ్మదిగా చెప్పింది. "మరియా గ్రాన్సో ఉంది. కొండ మీద, చర్చి వెనక సందులో. ఎనభై ఎనిమిదేళ్ళుంటాయి. నిరుటిదాకా రోజూ దిగివచ్చి తన చేపలు తనే కొనుక్కునేది. నిన్న మీరు వెళ్ళిన చర్చికి ఆవిడ ఇల్లు యాభై అడుగులు."

ఆంటీ ఆనందపడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి పెట్టెలోంచి తెల్లచొక్కా ఒకటి తీసి, ఇస్త్రీపెట్టె ఉందా అని అడిగింది.

"ఇప్పుడే వెళ్దామా ఆంటీ?"

"రేపు" అంది. "బతికే ఉండి కూడా నేను అక్కర్లేదంటే? ఈ ఒక్కరోజు నాకు అక్క ఉందనుకోనీ."

మంగళవారం: కొండ మీద ఇల్లు

పాదానికి కట్టుతో నేను, మోకాళ్ళ నొప్పితో ఆంటీ, ఒకరినొకరు పట్టుకుని కొండెక్కాం. ఎవరు ఎవరికి తోడు వచ్చారో చూసేవాళ్ళకు తెలిసే అవకాశం లేదు. భాష కోసం యస్నా కూడా వచ్చింది.

సన్నటి సందు, రాతి ఇల్లు, ఆకుపచ్చ తలుపు. లోపల పొయ్యి పక్కన కుర్చీలో ఒక ముసలావిడ నల్లబట్టల్లో నిటారుగా కూర్చుని ఉంది. ఆంటీలా లేదు. ఆంటీ బొద్దుగా, తెల్లగా ఉంటుంది. ఆవిడ ఎండిపోయి, నల్లబడి ఉంది. యస్నా విషయం చెప్పింది. ఆంటీ తన చిన్ననాటి యాసలో ఏదో అంది. ముసలావిడ కదల్లేదు. క్రొయేషియన్‌లో మెల్లగా నాలుగు మాటలు అంది. యస్నా మాకు చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"నా చెల్లెలు చచ్చిపోయింది. ఈవిడెవరో నాకు తెలియదు. ఎండలో నడిచొచ్చారు, కూర్చోమనండి, తిని వెళ్ళమనండి అంటోంది."

ఇప్పుడు నాకు పూర్తిగా తల తిరిగింది. అక్క దొరికింది, కానీ చెల్లెలు చచ్చిపోయింది. చచ్చిపోయిన చెల్లెలు నా పక్కన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉంది. వెళ్ళిపోదామా అన్నట్టు ఆంటీవైపు చూశాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

భోజనం పెట్టారు. మొక్కజొన్న రవ్వతో చేసిన ముద్ద, మన సంకటిలా. ఉడికించిన ఆకుకూరలో బంగాళదుంప ముక్కలు. ఉప్పులో ఊరవేసిన కవళ్ళు, నూనెలో తేలుతూ, పక్కన రొట్టె. మా ఉప్పుచేప రుచికి దగ్గర చుట్టం. నేను తల దించుకుని తిన్నాను. ఏం జరిగిందో నేను ముందు చూడలేదు. యస్నా బల్ల కింద నా మోకాలు తట్టింది.

ఆంటీ చేప తినడం అయిపోయి, ముల్లును పళ్ళెం అంచున పెట్టి, దాని మీద చిన్న రొట్టెముక్క కప్పింది. పడుకున్న పిల్లకు దుప్పటి కప్పినట్టు. బల్లకు ఆ పక్కన మరియా పళ్ళెంలోనూ ముల్లు అంచున ఉంది, మీద రొట్టెముక్క ఉంది. యస్నా పళ్ళెంలో, నా పళ్ళెంలో ముళ్ళు చెల్లాచెదురుగా ఉన్నాయి.

మరియా చేయి చాచింది. ఆంటీ పళ్ళెంలోని రొట్టెముక్కను ఎత్తి, కింద ముల్లు చూసి, మళ్ళీ కప్పింది.

"ఇలా ఎందుకు పెట్టావు?" అని ఆ పాత యాసలోనే అడిగింది.

"సముద్రం ముల్లును చూస్తే, తను ఇచ్చిన చేపల లెక్క అడుగుతుందని నాన్న కప్పమనేవాడు" అంది ఆంటీ.

మరియా లేచింది. బల్ల పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, ఆంటీ భుజం మీద చేత్తో ఒక్కటి వేసింది. గట్టి దెబ్బే. "నీనా. ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ" అంది, చిన్నప్పటి ముద్దుపేరుతో. యస్నా అనువదించకుండానే నాకు అర్థమైన మొదటి మాట అది. తర్వాత ఇద్దరూ పట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు మా ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు.

మరియా కథ ఇది. వాళ్ళు వెళ్ళిన మొదటి చలికాలం ఒక ఉత్తరం వచ్చింది. శిబిరంలో అమ్మా, చిన్నపిల్లా జ్వరంతో పోయారని. చేతిరాత నాన్నది కాదు. ఆ తర్వాత ఇంకే ఉత్తరమూ రాలేదు. తను రాసినవాటికి జవాబు రాలేదు. నాన్న కూడా పోయాడనుకుంది. పోయిన చెల్లెలి పేరున ప్రతి నవంబరులో, చనిపోయినవాళ్ళ పండుగనాడు, చర్చిలో ప్రార్థన చేయిస్తూ వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత రేవుకు కొత్త గట్టు కట్టినప్పుడు నీళ్ళ ఒడ్డున ఉన్న పాత ఇల్లు పోతే, తను ఈ కొండ మీదకు మారింది.

"జ్వరం నాకూ వచ్చింది" అంది ఆంటీ. "మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. నేను బతకనని ఎవరో తొందరపడి రాసి ఉంటారు."

"మరి నాన్న ఎందుకు మళ్ళీ రాయలేదు?"

"రాశానన్నాడు. వెనక్కి వచ్చాయన్నాడు."

"ఇక్కడికి ఏదీ రాలేదు."

ఆయన రాశాడా, రాయలేదా? ఉత్తరాలు సరిహద్దులో ఆగిపోయాయా, లేక భార్య పోయిన దుఃఖంలో ఆ మనిషి పెద్దకూతురి లెక్క అలాగే మూసేశాడా? ఇద్దరూ చాలాసేపు అదే తిప్పి తిప్పి మాట్లాడుకున్నారు. తేలలేదు. తేల్చగలిగిన మనిషి లేడు. ఇప్పటికీ నాకు అర్థంకాదు, వాళ్ళకూ అర్థంకాదు.

సాయంత్రం నలుగురం సమాధుల తోటకు వెళ్ళాం. ఆదివారం మేము రెండుసార్లు దాటిపోయిన వరసలోనే ఉంది నాయనమ్మ రాయి. పైన ఇంటిపేరు కొవాచిచ్. మేము వెతికింది ఫాబ్రి. ఇటలీ ఏలుబడిలో ఇంటిపేర్లు మార్పించారట, అది పోయాక నాయనమ్మ పాత పేరు మళ్ళీ తెచ్చుకుంది. అటు భాషలోనూ ఇటు భాషలోనూ రెండింటికీ కమ్మరి అనే అర్థం. ఒక్క కుటుంబానికి రెండు ఇంటిపేర్లు, ఒక పీత.

నాయనమ్మ పేరు కింద అమ్మ పేరు, అమ్మ పేరు కింద నెరీనా అని చెక్కి ఉంది. పుట్టిన సంవత్సరం, ఒక గీత, పోయిన సంవత్సరం. ఫొటో లేదు. అప్పటికి ఆంటీని ఎవరూ ఫొటో తీయలేదు.

ఆంటీ ఒంగి, తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమింది.

"చెరిపించేస్తాను. రేపే రాతిపనివాణ్ణి పిలుస్తాను" అంది మరియా.

"ఉండనీ అక్కా" అంది ఆంటీ. "ఎలాగూ మళ్ళీ చెక్కాల్సిందే. చివరి అంకెలు మార్పిస్తే చాలు, గ్రాండ్."

ఆ చివరి మాట ఇంగ్లీషులో అంది. అదేమిటని మరియా అడిగింది. దానికి సరైన అర్థం చెప్పడానికి యస్నా, నేను, ఆంటీ ముగ్గురం తంటాలు పడ్డాం. ముగ్గురమూ మూడు అర్థాలు చెప్పాం.

బుధవారం: ఖాళీ సీటు

పొద్దున నేను పెట్టె సర్దుకున్నాను. ఆంటీ సర్దుకోలేదు. "రెండు వారాలుండి వస్తాను" అంది. మోకాళ్ళ మందులు ఉన్నాయా, డాక్టరు ఫోను నంబరు ఉందా అని నేను అడుగుతూనే ఉన్నాను. ఇద్దరు అప్పచెల్లెళ్ళూ అప్పటికే దుప్పటి మడతపెట్టే పద్ధతి మీద వాదులాడుకుంటున్నారు.

ఇద్దరుగా వెళ్ళి ఒక్కదాన్నే తిరిగివచ్చాను. నేవన్‌లో కారు దిగగానే శ్రీనివాస్ నా వెనక చూసి, "ఆంటీ ఏరి?" అన్నారు.

"అక్క దగ్గర ఉన్నారు."

"అక్క ఉందా అసలు?"

"ఉందండి. ఆంటీయే లేరన్నారు. తర్వాత ఉన్నారని తేలింది."

ఆయన నావైపు జాలిగా చూసి, "ముందు అన్నం తిను" అన్నారు.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. ఆంటీ ఇంటి ముందు గడ్డి మావారు కోస్తున్నారు, ఉత్తరాలు నేను తీసి దాస్తున్నాను. మొన్న నవంబరు మొదట్లో ఆంటీ ఫోన్ చేసింది. చనిపోయినవాళ్ళ పండుగకు ఇద్దరూ చర్చికి వెళ్ళి అప్పుడే వచ్చారట. ప్రార్థనలో చదవాల్సిన పేర్ల చీటీ ఏటా మరియాయే రాసి ఇస్తుంది. ఈసారి ఫాదర్ ఆ చీటీ చూసి, రెండో పేరు దగ్గర ఆగి, "ఈవిడ మీ పక్కనే నిలబడి ఉన్నారు కదమ్మా, కొట్టేయనా?" అని అడిగాడట.

"అక్క ఒప్పుకోలేదు పద్మా" అంది ఆంటీ. "డెబ్భై ఏళ్ళకు పైగా చదివిస్తున్నాను, చూడండి, మనిషి ఎంత ఆరోగ్యంగా ఉందో. ఇప్పుడెందుకు ఆపడం, చదవండి అంది."